లెక్కలోకి రాని బిడ్డలు

1949 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో విలియం సిల్వర్‌మన్ అనే యువ వైద్యుడు అంతుచిక్కని జబ్బుతో తలపడుతున్నాడు. నెలలు నిండకుండా పుట్టి, ఎలాగో బతికి బయటపడిన పసికందులు కొన్ని వారాల్లోనే చూపు కోల్పోతున్నారు. కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, చివరికి రెటీనానే ఊడిపోతోంది. కారణం ఎవరికీ తెలియదు. అప్పట్లో కొత్తగా వచ్చిన ఏసీటీహెచ్ అనే హార్మోన్ మందు మీద చాలామందికి ఆశ ఉండేది. సిల్వర్‌మన్ బృందం దాన్ని 31 మంది బిడ్డలకు ఇచ్చింది. 25 మంది మంచి చూపుతో ఇంటికి వెళ్లారు. రెండు కళ్లూ పూర్తిగా పోయినవాళ్లు ఇద్దరే. ఆ మందు వాడని వేరే ఆస్పత్రిలో మాత్రం ఏడుగురిలో ఆరుగురికి చూపు పోయింది.

ఈ అంకెలు చూసినవాళ్లు ఎవరైనా మందు పనిచేసిందనే అంటారు. సిల్వర్‌మన్‌కి మాత్రం అనుమానం తీరలేదు. రెండు ఆస్పత్రుల్లోని బిడ్డలూ ఒకేలాంటి బిడ్డలని ఎలా నమ్మడం? అందుకని చీటీ తీసినట్టుగా బిడ్డలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందు ఇచ్చారు, రెండో గుంపుకి ఇవ్వలేదు. మందు పడిన గుంపులో మూడోవంతు బిడ్డలకు చూపు పోయింది. మందు పడని గుంపులో ఐదోవంతు మందికే పోయింది. చనిపోయినవాళ్లు కూడా మందు పడిన గుంపులోనే ఎక్కువ. ఈ జబ్బు తొలిదశలో ఉన్న బిడ్డల్లో అత్యధికులకు ఏ మందూ లేకుండానే తగ్గిపోతుందని తర్వాత అర్థమైంది. ఆ 25 మంది చూపు నిలబెట్టిన ఘనత మందుది కాదు.

పసిబిడ్డల వైద్యం గురించి పరిశోధన వార్త ఏది కనబడినా నాకు ముందు ఈ కథే గుర్తుకొస్తుంది. నిన్న మంచిదన్నది ఇవాళ ఎందుకు కూడదంటున్నారు, ఒక దేశంలో ప్రాణం నిలిపిన వైద్యం ఇంకోచోట ఎందుకు వికటించింది అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. డాక్టర్లు మాట మారుస్తున్నారని విసుక్కునేవాళ్ల బాధా నాకు అర్థమవుతుంది. కానీ ఈ మలుపులను దగ్గర నుంచి చూస్తే దాదాపు ప్రతిచోటా ఒకే సంగతి బయటపడుతుంది. ఎవరో కొందరు బిడ్డలు లెక్కలోకి రాలేదు. వాళ్లను లెక్కపెట్టిన రోజున జవాబు మారింది.

కళ్లు పోవడానికి అసలు కారణం ఏమిటో 1950ల మొదట్లో తేలింది. ఆక్సిజన్. ఊపిరి అందని బిడ్డకు ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మేలనుకుని ఇంక్యుబేటర్లను దానితో నింపేవారు. ప్రేమతో, శ్రద్ధతో, ఉన్నంతలో మంచి పరికరాలతో చేసిన పనే అది. దాని వల్ల ప్రపంచం మొత్తం మీద సుమారు 10,000 మంది బిడ్డలు చూపు కోల్పోయారని అంచనా. మంచి పరికరాలున్న ఆస్పత్రుల్లోనే ఈ గుడ్డితనం ఎక్కువగా కనిపించింది. 1953–54లో అమెరికాలోని 18 ఆస్పత్రులు కలిసి పరీక్ష జరిపాయి. ఆక్సిజన్ తగ్గించిన గుంపులో చూపు పోయే ముప్పు బాగా తగ్గింది. మరణాలు మాత్రం పెరగలేదు. ఆ ఫలితం రాగానే అందరూ ఆక్సిజన్‌ను గట్టిగా కట్టడి చేశారు.

అయితే ఆ పరీక్షలోకి బిడ్డలను తీసుకున్నది పుట్టిన 48 గంటల తర్వాత. తొలి రెండు రోజుల్లో చనిపోయినవాళ్లు ఏ గుంపులోనూ లేరు. బయట ఆస్పత్రులు కట్టడిని పుట్టిన క్షణం నుంచే మొదలుపెట్టాయి. ఊపిరితిత్తులు ఇంకా తెరుచుకోని ఆ రెండు రోజుల్లోనే ఆక్సిజన్ అవసరం అన్నిటికంటే ఎక్కువ. కెనెత్ క్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1973లో లెక్కవేసి చెప్పినదాని ప్రకారం, ఒక బిడ్డ చూపు దక్కినందుకు దాదాపు 16 మంది బిడ్డల ప్రాణాలు పోయి ఉండవచ్చు. ఆయన లెక్క అంచనాయే, కచ్చితమైన సంఖ్య కాదు. సగానికి తగ్గించి చూసినా భరించలేని మాటే. పరీక్ష తప్పుగా జరగలేదు. అది ఏ బిడ్డల గురించి చెప్పిందో మరిచిపోయి అందరి మీదా వాడారు.

ఈ తగవు తీరడానికి ఇంకా నలభై ఏళ్లు పైనే పట్టింది. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చర్మం మీది నుంచే కొలిచే పల్స్ ఆక్సిమీటర్లు వచ్చాక, గర్భంలో 28 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డల మీద అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలలో ఐదు పెద్ద పరీక్షలు జరిగాయి. ఒక గుంపులో శాతాన్ని 85–89 మధ్య, ఇంకో గుంపులో 91–95 మధ్య ఉంచాలని చూశారు. ఐదింటినీ కలిపి 4,965 మంది బిడ్డల ఫలితాలను 2018లో ప్రచురించారు. శాతం తక్కువగా ఉంచిన గుంపులో చికిత్స అవసరమయ్యేంత కంటిజబ్బు 100 మందిలో 11 మందికి వచ్చింది, ఎక్కువగా ఉంచిన గుంపులో 15 మందికి. అంటే కంటికి తక్కువే మేలు. మరణాలు చూస్తే తక్కువ గుంపులో 100కి 20, ఎక్కువ గుంపులో 17. పేగు కుళ్లే ప్రమాదకరమైన జబ్బు కూడా తక్కువ గుంపులోనే ఎక్కువగా వచ్చింది. కంటిజబ్బును ముందే పసిగడితే చికిత్స ఉంది. పోయిన ప్రాణానికి లేదు. అందుకే చాలా నవజాత శిశు విభాగాలు (ఎన్ఐసీయూలు) 91–95 వైపే మొగ్గాయి. ఎన్ఐసీయూలో ఆక్సిమీటర్ అలారం మోగినప్పుడల్లా నర్సు వచ్చి మీట కాస్త అటూ ఇటూ తిప్పుతుంది. ఆ చిన్న కదలిక వెనక ఎన్ని వేల మంది బిడ్డల చూపూ ఊపిరీ ఉన్నాయో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఇక స్టెరాయిడ్ల కథ. న్యూజిలాండ్‌కు చెందిన గ్రాహం లిగ్గిన్స్ గొర్రెల మీద కాన్పు ఎలా మొదలవుతుందో పరిశోధిస్తున్నాడు. స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్లలు, బతకకూడనంత ముందు పుట్టినా, ఊపిరి పీల్చడం గమనించాడు. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు ముడుచుకుపోకుండా చూసే జిడ్డుపదార్థం వాటిలో ముందుగానే తయారైంది. రాస్ హౌవీ అనే పిల్లల వైద్యుడితో కలిసి ఆక్లాండ్‌లో నెలలు నిండకుండానే నొప్పులు మొదలైన తల్లులకు ఇంజక్షన్ ఇచ్చి చూశారు. 1972లో ఫలితం వచ్చింది. బిడ్డలకు ఊపిరి కష్టాలు తగ్గాయి, మరణాలూ తగ్గాయి. తర్వాత ఇంకొన్ని పరీక్షలూ అదే చెప్పాయి. అయినా ఈ ఇంజక్షన్ అమెరికాలో అంతటా అలవాటైంది 1994లో నిపుణుల సభ గట్టిగా చెప్పాకే. మధ్యలో గడిచిన ఇరవై రెండేళ్లలో పోయిన బిడ్డల గురించి రాయడానికి నాకు మాటలు చాలవు.

ఇంత రుజువైన మందును పేద ప్రాంతాలకు చేరిస్తే చాలుననుకున్నారు. అర్జెంటీనా, గ్వాటెమాలా, భారత్, పాకిస్థాన్, కెన్యా, జాంబియాలలో సుమారు లక్ష కాన్పుల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. కొన్ని ప్రాంతాల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లులకు ఇంజక్షన్ వేయించారు. 2015లో ఫలితం చూసి అందరూ నిర్ఘాంతపోయారు. చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు లాభం కనబడలేదు. మొత్తం బిడ్డల్లో తొలి 28 రోజుల మరణాలు ప్రతి వెయ్యికి మూడున్నర పెరిగాయి. తల్లులకు ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి.

ఏం జరిగింది? అక్కడ చాలామందికి తొలి నెలల స్కానింగ్ లేదు, కాబట్టి ఎన్ని వారాల గర్భమో నికరంగా తెలియదు. ఇంజక్షన్ పడిన తల్లుల్లో ఎక్కువమందికి బిడ్డలు అంత చిన్నగా పుట్టనే లేదు. ఆ మందుతో వాళ్లకు ఒరిగేదేమీ లేదు, దాని ముప్పు మాత్రం ఉంది. నిజంగా చిన్నగా పుట్టిన బిడ్డలకైనా, పుట్టాక చూసుకునే వసతి చాలాచోట్ల అంతంతమాత్రం. ఆక్లాండ్‌లో రుజువైంది ఒక్క మందు కాదు. గర్భం వయసు తెలిసిన తల్లి, ఆస్పత్రిలో కాన్పు, పుట్టిన వెంటనే బిడ్డను అందుకునే బృందం, ఆ మందు. ఇవన్నీ కలిసిన మొత్తం అక్కడ రుజువైంది. అందులోంచి సిరంజి ఒక్కటే విడిగా తీసి పంపారు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే పేద దేశాల తల్లులకు ఈ మందు పనికిరాదని తీర్పు చెప్పేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో పరీక్ష పెట్టింది. బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్థాన్‌లలోని 29 ఆస్పత్రుల్లో, స్కానింగ్‌తో గర్భం వయసు తెలిసిన 2,852 మంది తల్లులను తీసుకున్నారు. బిడ్డను చూసుకునే కనీస వసతులున్న ఆస్పత్రులనే ఎంచుకున్నారు. 2020లో ఫలితం వచ్చింది. మందు పడిన గుంపులో బిడ్డల మరణాలు 100కి 19.6, పడని గుంపులో 23.5. ఇన్ఫెక్షన్లు పెరగలేదు. అదే మందు, ఐదింటిలో మూడు అవే దేశాలు, జవాబు మాత్రం వేరు. వ్యత్యాసమంతా ఆ ఇంజక్షన్ ఎవరికి, ఏ వారంలో, ఏ చేతుల మధ్య పడిందన్నదానిలోనే ఉంది.

అన్ని చిక్కులూ ఇలా విడిపోవు. పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డను 72 గంటల పాటు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచడం సంపన్న దేశాల్లో స్థిరపడిన వైద్యం. మరణాలు, వైకల్యాలు రెండూ తగ్గుతాయని అనేక పరీక్షలు తేల్చాయి. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆస్పత్రుల్లో 408 మంది బిడ్డల మీద అదే పరీక్ష జరిపి 2021లో ఫలితం ప్రకటించారు. చల్లబరిచిన గుంపులో 42 శాతం మంది చనిపోయారు, మామూలుగా చూసుకున్న గుంపులో 31 శాతం. ఇవి వెంటిలేటర్లున్న పెద్ద ఆస్పత్రులు. చల్లబరిచే యంత్రాలు కూడా మంచివే. కాబట్టి వసతుల లోపం అని సరిపెట్టుకోలేం. ఈ బిడ్డల మెదడుకి దెబ్బ తగిలిన తీరే వేరై ఉండవచ్చని, కాన్పు గదిలోకి వచ్చేముందే, కడుపులో ఉండగానే చాలాసేపుగా నష్టం జరుగుతూ ఉండి ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. అదే నిజమైతే ఒకే పేరు పెట్టి పిలుస్తున్న ఈ జబ్బు నిజానికి రెండు జబ్బులు. ఈ ఫలితం చూసి చల్లబరచడమే తప్పని కొట్టిపారేసేవాళ్లూ, ఈ పరీక్షనే పక్కన పెట్టేసేవాళ్లూ ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం.

బొడ్డుతాడు సంగతి కాస్త తేలిక. బిడ్డ బయటికి రాగానే బొడ్డుతాడు బిగించి కోయడం దశాబ్దాల పాటు ఆస్పత్రుల అలవాటు. కాసేపు ఆగితే మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలపై జరిగిన 20 పరీక్షల్లోని 3,292 మంది వివరాలను బిడ్డ బిడ్డకూ విడిగా తీసి, 2023లో మళ్లీ లెక్కవేశారు. వెంటనే కోసినప్పుడు ఆస్పత్రి వదలకముందే చనిపోయినవాళ్లు 100కి సుమారు 8. ఆగి కోసినప్పుడు సుమారు 6. దీనికి మందు లేదు, యంత్రం లేదు, కాస్త ఓపిక చాలు. మరి ఆగే తీరిక లేకపోతే తాడును చేత్తో పిండి రక్తాన్ని బిడ్డ వైపు తోస్తే? వినడానికి రెండూ ఒకటే. 2019లో వెలువడిన పరీక్షలో 23–27 వారాల మధ్య పుట్టిన బిడ్డలకు అలా పిండినప్పుడు 22 శాతం మందికి మెదడులో తీవ్ర రక్తస్రావం అయింది. ఆగి కోసిన గుంపులో 6 శాతం మందికి. ఆ వయసు బిడ్డలను చేర్చుకోవడం వెంటనే ఆపేశారు. మెదడులోని రక్తనాళాలు అంత పలచగా ఉన్న బిడ్డకు, రక్తం దానంతటది రావడానికీ ఒక్కసారిగా తోసుకురావడానికీ చాలా తేడా ఉంటుంది.

తల్లి రొమ్ముకి ఆనించి బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టే కంగారూ పద్ధతి అందరికీ తెలిసిందే. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, ఇంక్యుబేటర్లు చాలక, ఉన్నవి కిక్కిరిసి ఇన్ఫెక్షన్లు ముసురుకుంటున్న రోజుల్లో, దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత హెక్టర్ మార్టినెజ్ తోడయ్యాడు. ఇది మేలని చాలా పరీక్షలు చెప్పాయి. అయితే వాటిలో దాదాపు అన్నీ బిడ్డ నిలదొక్కుకున్నాక, అంటే కొన్ని రోజులు గడిచాక మొదలైనవే. అప్పటికే చనిపోయిన బిడ్డలు ఆ లెక్కల్లో లేరు. ఆక్సిజన్ పరీక్షలోని ఆ 48 గంటల ఖాళీయే మళ్లీ. నవజాత శిశువుల మరణాల్లో ఎక్కువ భాగం తొలి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. మరి నిలదొక్కుకోని బిడ్డను వెంటనే తల్లి ఒంటి మీదికి చేరిస్తే? చాలామంది వైద్యులకు ఆ ఆలోచనే భయం కలిగించింది. ముందు బిడ్డను స్థిరపరచాలి, తర్వాతే తల్లి అని నేర్చుకున్నవాళ్లు వాళ్లు.

ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆస్పత్రుల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది బిడ్డల మీద ఆ పరీక్ష జరిగింది. ఒక గుంపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లికి గానీ ఇంట్లోని మరో పెద్దమనిషికి గానీ ఒంటికి ఆనించారు. దానికోసం ఎన్ఐసీయూలోనే తల్లికి మంచం వేశారు. ఆ గుంపులో బిడ్డ ఒంటికి ఆని ఉన్న సమయం రోజుకి దాదాపు 17 గంటలు, రెండో గుంపులో గంటన్నర. 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం, 15.7 శాతం. తేడా ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు రెండో గుంపుకి ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని పర్యవేక్షక సంఘం చెప్పడంతో, పరీక్షను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. 2021లో ఫలితం వెలువడింది. 2022 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సు మార్చింది. నిలదొక్కుకునే దాకా ఆగొద్దు, బిడ్డకు సొంతంగా ఊపిరి ఆడని పరిస్థితి, రక్తప్రసరణ పడిపోయే షాక్ వంటివి లేకపోతే వెంటనే మొదలుపెట్టండి అంది.

ఇలాంటి ఫలితం పేపర్లో ఎలా వస్తుందో గమనించండి. ‘మరణాలు 25 శాతం తగ్గుదల’ అని వస్తుంది. అబద్ధం కాదు. 15.7లో పావువంతు తగ్గితే దాదాపు 12. కానీ ఇదే సంగతిని ఇంకోలా చెబితే, 27 మంది బిడ్డలను ఇలా చూసుకుంటే అదనంగా ఒక బిడ్డ బతుకుతుంది. రెండో లెక్కే నాకు మనసుకి తగులుతుంది, అది వార్డులో మంచాల వరసలా కళ్లకు కడుతుంది. పైగా రెండో లెక్క మోసం చేయదు. వెయ్యిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒక్కరికి తగ్గితే అదీ ‘50 శాతం తగ్గుదల’ అవుతుంది. శాతం కనబడిన ప్రతిచోటా ఎంతలో శాతం అని అడగాలి.

చీటీ తీసే పరీక్ష లేకుండా ఏదీ తేలదని అనుకోవడం కూడా సరికాదు. బిడ్డను ఏ వైపు పడుకోబెట్టాలన్నది అలా తేలలేదు. వాంతి గొంతుకి అడ్డం పడుతుందన్న భయంతో బోర్లా పడుకోబెట్టమని దశాబ్దాల పాటు పుస్తకాలు చెప్పాయి. ఆస్పత్రిలో నెలలు నిండని బిడ్డలకు బోర్లా ఉన్నప్పుడు ఊపిరి మెరుగ్గా అందుతుంది, అది నిజమే. కానీ యంత్రాలు, నర్సులు చూస్తుండగా పడుకునే ఆ బిడ్డ వేరు, ఇంట్లో రాత్రి ఒంటరిగా పడుకునే నెలలు నిండిన బిడ్డ వేరు. నిద్రలోనే ఉన్నట్టుండి చనిపోయిన బిడ్డలనూ మామూలు బిడ్డలనూ పోల్చి చూసిన అధ్యయనాలే, బోర్లా పడుకోబెట్టడంలోని ప్రమాదాన్ని బయటపెట్టాయి. 1991లో న్యూజిలాండ్, బ్రిటన్, 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేపట్టాక ఆ మరణాలు సగం వరకు పడిపోయాయి. అయితే అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట కూర్చి చూసి ఉంటే 1970 నాటికే సంగతి తెలిసేదని 2005లో ఒక సమీక్ష చూపింది.

ఇంకో లెక్క మిగిలింది, ఎంతకాలం చూశారన్నది. 1990లలో వెంటిలేటర్ మీద ఉన్న చిన్నారులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను విరివిగా ఇచ్చేవారు. నిజంగానే బిడ్డ యంత్రం నుంచి త్వరగా బయటపడేది. అందరూ సంతోషించేవారు. కొన్నేళ్లు పోయాక ఆ బిడ్డల్లో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ అదుపు తప్పే జబ్బు, ఎక్కువగా వచ్చిందని తెలిసింది. 2002లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మామూలుగా వాడొద్దని చెప్పింది.

దీనికి ఎదురు కథ కెఫీన్‌ది. కాఫీలో ఉండే కెఫీనే. నెలలు నిండని బిడ్డ ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది, దాన్ని గుర్తుచేయడానికి 1970ల నుంచే ఈ తరహా మందులు ఇస్తున్నారు. మెదడుకి ఏమవుతుందో ఎవరూ దీర్ఘకాలం చూడలేదు. బార్బరా ష్మిట్ నాయకత్వంలో అరకిలో నుంచి కిలోంబావు వరకు బరువున్న 2,006 మంది బిడ్డలతో పరీక్ష మొదలైంది. తొలి మూడు వారాల్లో కెఫీన్ గుంపు బిడ్డలు బరువు తక్కువ పెరిగారు. అక్కడే ఆపి ఉంటే హాని అనేవారు. ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు మాత్రం 47 శాతం నుంచి 36 శాతానికి తగ్గింది. ఏడాదిన్నర దాటాక చూస్తే వైకల్యాలు కూడా తక్కువ. ఐదేళ్లకు చూస్తే తేడా చాలావరకు కరిగిపోయింది. అక్కడ ఆపి ఉంటే లాభమేమీ మిగల్లేదనేవారు. పరిశోధకులు ఆపలేదు. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్, స్వీడన్‌లలో ఆ పిల్లలను వెతికి, పదకొండేళ్ల వయసులో మళ్లీ పిలిచారు. చేతి పనితనం ఎలా ఉంది, బంతిని గురి చూసి వేయగలరా, పట్టుకోగలరా, తూలిపోకుండా నిలబడగలరా అని ఒక్కొక్కరినీ పరీక్షించారు. కెఫీన్ అందని పిల్లల్లో 27.5 శాతం మందికి ఈ కదలికల్లో ఇబ్బంది ఉంది. అందినవాళ్లలో 19.7 శాతం మందికి. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిన బిడ్డలు వాళ్లు.